అమ్మ చిల్లీ

టెక్సస్‌లోని ఓ చిన్న ఊళ్లో చిల్లీ అనే కారపు మాంసం కూర వండే పోటీ అప్పుడే ముగిసింది. అక్క చెల్లెల్ని జనంలోంచి పక్కకు లాక్కొచ్చింది.

“ట్రావిస్ వండిన చిల్లీ అచ్చం అమ్మ చేతి వంటలా ఉందేం?”

“గొడ్డుమాంసం చిల్లీ ఎవరు చేసినా అలాగే ఉంటుందిలే అక్కా.”

“ఎండుమిరపకాయల్ని కాఫీలో నానబెట్టేది అమ్మ ఒక్కతే. అది మనిద్దరికే తెలుసు. నువ్వే చెప్పావు కదూ?”

“పెళ్లి చేసుకుంటానన్నాడక్కా. ఇంక మనవాడే కదా అనుకున్నా.”

“ఎవ్వరికీ చెప్పనని అమ్మ చేతిలో చెయ్యేసి ఒట్టేశావే!”

“వేశాను.”

“వాడు బహుమతి అందుకుని, ఇది మా నాయనమ్మ వంట అన్నాడు. వాడు మైకు పట్టుకోగానే అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నువ్వే.”

“అమ్మ పేరు చెబుతాడనుకుని కొట్టానక్కా.”