అన్ని కంపెనీల బాబాయి

సంచీలో కాంట్రాక్టు కాగితం, చేతిలో టీ గ్లాసు, కాళ్ళలో పొద్దుటి నుంచి ఎక్కిదిగిన మెట్ల నొప్పి. ఏజెంటమ్మ టీకొట్టు బల్ల మీద కూలబడింది. ఐదింటికల్లా ఆ కాగితం మీద సంతకం పెట్టి, పై అంతస్తులో ఉన్న బ్రాంచిలో ఇవ్వాలి. ఇస్తే మరో ఏడాది లాంతరు బీమా కంపెనీ మనిషి. వేరే కంపెనీ పాలసీని చేత్తో ముట్టుకోకూడదు. ఇవ్వకపోతే రేపటి నుంచి సొంత ఏజెంటు. ఏ కంపెనీదైనా అమ్ముకోవచ్చు గానీ కుర్చీ, ఫ్యాను, గోడ మీద బోర్డు, ఏవీ తనవి కావు.

తొమ్మిదేళ్ళుగా "ఇంతకన్నా మంచి పాలసీ ఇంకెక్కడైనా ఉందా అమ్మా?" అని ఎవరడిగినా "లేదండీ" అనే చెప్పింది. ఉందని తెలిసిన రోజున కూడా లేదనే చెప్పింది. ఈమధ్య ఆ మాట అనేటప్పుడు ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడలేకపోతోంది. అలాగని బయటికొస్తే తన వాళ్ళు తనతో వస్తారా? కాళ్ళరిగేలా తిరిగి సంపాదించుకున్న మూడొందల ఇళ్ళు. అది తేలక వారం రోజులుగా నిద్ర లేదు.

ఫోన్ మోగింది. "నమస్కారం, లాంతరు కుటుంబం నుంచి, చెప్పండి," అంది. అవతల పెట్టేశారు. పై అంతస్తు వాళ్ళ పరీక్ష ఇది. ఏజెంట్లు ఆ పలకరింపు ఉన్నదున్నట్టు చెబుతున్నారో లేదో చూడటానికి అప్పుడప్పుడూ ఇలా చేసి పెట్టేస్తారు. నిద్రలో లేపినా అదే వస్తుంది నోట్లోంచి.

ఎదురు బల్ల మీద అన్ని కంపెనీల బాబాయి కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. నాలుగేళ్ళ కిందట లాంతరు వదిలేసి సొంతంగా పెట్టుకున్న మనిషి. ఏటా ఈ కాంట్రాక్టుల వారంలో మాత్రం ఈ టీకొట్టులో వాలి, నువ్వూ బయటికొచ్చెయ్ అని ఏజెంటమ్మని పోరతాడు. ఆయన సంచీకి ఏడు కంపెనీల స్టిక్కర్లుంటాయి, జిప్పు మాత్రం ఉండదు. వచ్చీ రాగానే తన ఫోన్ నంబరున్న కార్డు అందరికీ తలొకటి పంచాడు. టీ మాస్టారుకి, జిరాక్సాయనకి, కరెంటు పోయి మిషను ఆగిపోతే పక్క దుకాణంలోంచి వచ్చి కూర్చున్న టైలరక్కకి కూడా.

"నిజం చెప్పండి బాబాయ్," అంది ఏజెంటమ్మ. "మీరు లాంతరు వదిలేశాక మీ కస్టమర్లు మీతో వచ్చారా?"

అవుననో కాదనో ఒక్క ముక్కలో చెబితే ఆయన బాబాయి ఎందుకవుతాడు!

"వచ్చారా అని మెల్లిగా అడుగుతావేంటమ్మాయ్! మొదట్నుంచీ చెప్తాను విను. నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు, కావాలంటే మాస్టారునడుగు."

టీ మాస్టారు పాలు పొంగకుండా చూసుకునే పనిలో పడిపోయాడు.

"ఆ రోజు మేనేజరు నా ముందు ఇదే కాగితం పెట్టాడు. ఇరవై రెండేళ్ళు పెట్టిన సంతకమే కదా, పెట్టేద్దామని పెన్ను తీశాను. రాయలేదు. మామూలు పెన్నేనమ్మా, సిరా అయిపోయింది. ఇంకోటి ఇమ్మంటారా అన్నాడు. వద్దు సార్, పెన్నుకే మనసొప్పలేదు, నాకేం ఒప్పుతుంది అని లేచొచ్చేశాను. అంతే నేను చేసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"మీరు చెబితేగా," అన్నాడు జిరాక్సాయన.

"మెట్లు దిగుతుంటే వెనకాల దడదడా చప్పుడు. తిరిగి చూద్దును కదా, మేనేజరు! తన కుర్చీ నెత్తిన పెట్టుకుని పరిగెత్తుకొస్తున్నాడు. మీరు నా కుర్చీలో కూచోండి, మీ సంచీ నేను మోస్తాను అని ఒకటే ఏడుపు. నేను ససేమిరా అన్నాను. పాపం అక్కడే దించేశాడు. ఇప్పటికీ మెట్ల మలుపులోనే ఉంది ఆ కుర్చీ."

మెట్ల మలుపులో విరిగిన కుర్చీ ఒకటి ఉన్న మాట నిజమే. ఏజెంటమ్మ రోజూ దాన్ని తప్పుకునే పైకెక్కుతుంది. బాబాయి కోతలతో ఇదే చిక్కు. ఎక్కడో ఒక కాలు నేల మీద ఉంటుంది, అందుకే మనిషికి ఆశ పుడుతుంది.

"ఇంటికెళ్ళేసరికి సందు నిండా కార్లు. ఏడు కంపెనీల మేనేజర్లు! నీళ్ళ ట్యాంకరు రావడానికి దారి లేక మా వీధంతా నన్ను తిట్టిపోస్తోంది. ఏం చేస్తాను, మా ఆవిడ చేత టోకెన్లు ఇప్పించాను. నాలుగో టోకెను వాడు ఐదో టోకెను వాడితో కొట్టుకుంటే విడదీసి, ఇద్దరి చేతా చేతులు కలిపించి, ఇద్దరి పాలసీలూ అమ్ముతానని మాటిచ్చాను. అప్పట్నుంచీ కంపెనీలు కొత్త పాలసీ రాయాలంటే ముందు నాకు పంపుతాయి. చదవను, చదివే ఓపిక నాకెక్కడిది! వాసన చూస్తానంతే. మెలిక ఎన్నో పేజీలో ఉందో చెప్పేస్తాను. నేను సంచీలోంచి కళ్ళజోడు తీశానంటే చాలు, కాగితం చివర ఉంటాయే చిన్నక్షరాలు, అవి భయపడి వాటంతటవే పెద్దక్షరాలైపోతాయి!"

"మా మిషన్లో అలా అయితే బాగుండును," అన్నాడు జిరాక్సాయన. "కస్టమర్ల సంగతి అడిగిందండీ అమ్మాయి."

"అక్కడికే వస్తున్నా. మర్నాడు పొద్దున్నే తలుపు తీస్తే జనం. పన్నెండు వందల మందీ! పిల్లల్నెత్తుకుని, ముసలాళ్ళని నడిపించుకుని, పాలసీ కాగితాలు గుండెకి హత్తుకుని. మీరెక్కడుంటే మేమక్కడే అన్నారు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు లాంతరులో మిగల్లేదమ్మాయ్. ఎందుకుంటారు? ఒక్కొక్కరినీ నేను గొంతుతో కాదు, దగ్గుతో గుర్తుపడతాను. ఓ రోజు రైల్లోంచి ఎవరో ఫోన్ చేసి మాట్లాడకుండా ఊపిరి పీల్చారు. మీ కోడలికి నెల తప్పింది కదా, పేరు చేర్చాలి అన్నాను. ఫోన్లోనే కాళ్ళ మీద పడ్డాడు."

టైలరక్క చేతిలో కార్డు వైపు చూసింది. తర్వాత బాబాయి మొహం వైపు చూసింది.

ఒక్కరు కూడా మిగల్లేదన్నది శుద్ధ అబద్ధమని ఏజెంటమ్మకి తెలుసు. ఏజెంటు వెళ్ళిపోతే మిగిలిపోయే ఫైళ్ళని ఆఫీసులో అనాథలంటారు. బాబాయి వెళ్ళినప్పుడు ఆయన అనాథల్లో నలభై మందిని ఈమెకి అప్పగించారు. ఆ జాబితా సంచీ అడుగున ఇప్పటికీ ఉంది. అనాథల పని చేస్తే కొత్త ఏజెంటుకి ఒరిగేదేమీ ఉండదు, తిరుగుడు తప్ప. అందుకని ఒక్కరికి కూడా ఫోన్ చెయ్యలేదు. మొదటి పేజీ తిప్పలేదు కూడా. అయినా పన్నెండు వందల్లో నలభై మందే ఆగిపోయారంటే గొప్పేగా? మిగతా వాళ్ళంతా వచ్చినట్టేగా? అలసిపోయిన మనిషి ఆశ అలాగే లెక్కలేసుకుంటుంది. చెయ్యి తనకి తెలియకుండానే కాంట్రాక్టు కాగితాన్ని సంచీలోపలికి తోసేసింది.

"ఆ తర్వాత తుపానొచ్చింది," అన్నాడు బాబాయి, ఎవరూ అడక్కుండానే. "రేవులో నావలన్నీ నా పాలసీలే. తుపాను వస్తే చెల్లదని అందులో ఓ ముక్క ఉంది. ఏం చెయ్యను? ఒడ్డుకెళ్ళి, ఆ కాగితం తెరిచి తుపాను మొహానికెదురుగా పట్టుకున్నాను. చదివింది. మొత్తం చదివింది. చదివి, నాకిందులో చోటే లేదా అని చిన్నబుచ్చుకుని వెనక్కి పోయింది!"

టీ మాస్టారు నవ్వు ఆపుకోలేక గ్లాసులు కడగడం మొదలెట్టాడు.

"ఇదేముంది! ఒకాయన పోయాడు. క్లెయిము కాగితాలన్నీ సిద్ధం, ఒక్క చోట ఆయన సంతకం లేదు. ఆఫీసు వాడు కుదరదన్నాడు. సరే అని తిన్నగా ఇంటికెళ్ళి, పడుకోబెట్టిన మనిషి చెవిలో నెమ్మదిగా చెప్పాను, అయ్యా, మీ ఆవిడ ఇబ్బంది పడుతుందీ అని. లేచాడు! కళ్ళజోడు అడిగాడు, పెట్టుకున్నాడు, సంతకం పెట్టాడు, తేదీ కూడా వేశాడమ్మాయ్, మళ్ళీ పడుకున్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

జిరాక్సాయన పకపకా నవ్వాడు. టైలరక్క నవ్వలేదు. ఒళ్ళో ఫోను పెట్టుకుని, కార్డు చూస్తూ ఒక్కో అంకె నొక్కింది.

బాబాయి జేబులో ఫోను మోగింది. "చూశారా, ఎవరో కస్టమరు," అంటూ దర్జాగా తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"నమస్కారం, లాంతరు కుటుంబం నుంచి, చెప్పండి."

అన్న మాట ఆయన చెవికే ఇంకా అందినట్టు లేదు.

"హలో? ఎవరండీ?" అన్నాడు.

టైలరక్క గట్టిగా దగ్గింది. ఒకసారి, ఇంకోసారి. ఆ దగ్గు ఆయన రెండు చెవుల్లోనూ పడింది.

"గుర్తుపట్టలేదా అన్నయ్యగారూ? మీ పాలసీ మనిషినే. పదకొండేళ్ళ కిందట మా ఇంటికొచ్చి, మంచినీళ్ళు తాగి, మా ఆయన్ని అడిగి నా పాలసీ రాశారు. మీ పక్కనే కూచున్నాను. పన్నెండు వందల మంది మీ ఇంటికొచ్చిన రోజు నన్నెవరూ పిలవలేదు."

బాబాయి ఫోను దించాడు. మూయని సంచీలోంచి కార్డులు రెండు జారి కింద పడితే వంగి తీసుకోలేదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అంది టైలరక్క. కోపంగా ఏమీ అనలేదు, దారం కొరికి ముడేసినంత మామూలుగా అంది. "మా ఆయన పోయాడు. రెండేళ్ళయింది. పాలసీలో నామినీ ఆయనే. నాకేమన్నా అయితే పోయినాయనకి ఇస్తారట. అమ్మాయి పేరు రాయించాలని రెండుసార్లు ఆ మెట్లెక్కాను. మీది అనాథ ఫైలమ్మా, కొత్త ఏజెంటు ఫోన్ చేస్తారు అన్నారు. చూస్తూనే ఉన్నాను. ఇప్పుడు మీ కథ విన్నాక, మా ఆయన్ని కూడా లేపి సంతకం పెట్టించి పెడతారేమో అడుగుదామనిపించింది."

బాబాయి కాలు మీంచి కాలు దించి మాట్లాడాడు. ఆ గొంతు వేరుగా ఉంది, నలిగిపోయినట్టు.

"పెన్ను ఆగిపోయిన మాట నిజమేనమ్మా. ఆ ఒక్కటే నిజం. వెళ్తుంటే పాత కస్టమర్లకి రెండేళ్ళ దాకా ఫోన్ చెయ్యనని రాయించుకున్నారు. చెయ్యలేదు. రెండేళ్ళయ్యాక చేద్దామంటే మొహం చెల్లలేదు. కొత్తవాళ్ళు చుట్టాలూ పక్కాలూ కలిసి ఓ అరవై మంది. ఏ కంపెనీదైనా అమ్మచ్చు, నిజమే. మంచిది వెతికి ఇస్తే ఆ తృప్తీ నిజమే. కానీ పొద్దున్న లేచాక నీకెవరూ ఫోన్ చెయ్యరు. పరీక్షకి కూడా చెయ్యరమ్మాయ్."

"మరి నన్నెందుకు రమ్మంటున్నారు బాబాయ్, ఏటా వచ్చి?"

"తోడుకి," అన్నాడు.

ఏజెంటమ్మకి ఆయన మీద కోపం రావాలి. రాలేదు, జాలేసింది. అనాథ ఫైలన్న మాట మళ్ళీ గుర్తొచ్చింది. సంచీలో చెయ్యి పెట్టి, కాంట్రాక్టు కింద నలిగిపోయిన జాబితా బయటికి తీసింది. మొదటి పేజీ తిప్పింది. రెండో పేజీలో తొమ్మిదో వరుస. ఎవరిదో తెలియని పేరు. దాని పక్కన చిరునామా, బ్రాంచి వెనక సందు, టీకొట్టు పక్కన, కుట్టు దుకాణం.

నాలుగేళ్ళుగా ఆవిడ దగ్గరే జాకెట్లు కుట్టించుకుంటోంది. టైలరక్క అనే పిలిచింది. పేరేమిటని ఏనాడూ అడగలేదు.

"అక్కా," అంది. సిగ్గుతో మొహం మండిపోయింది. "ఆ కొత్త ఏజెంటుని నేనే."

జిరాక్సాయన లేచి తన దుకాణం వైపు నడిచాడు. టైలరక్క ఆ కాగితం అందుకుని, తన పేరు మీద వేలు పెట్టి, కొలత చూసినట్టు నిదానంగా చూసింది.

"నువ్వూ వెళ్ళిపోతే మళ్ళీ ఎవరో ఫోన్ చేస్తారంటారు, అంతేగా?"

"అంతే అక్కా. బయటికెళ్తే నీ ఫైలు నేను ముట్టుకోకూడదు."

నాలుగూ నలభై అయింది. బాబాయి తల పక్కకి తిప్పుకుని తన పెన్ను అందించాడు. ఏజెంటమ్మ కాంట్రాక్టుని మోకాలి మీద పెట్టుకుని సంతకం చేసింది. కంపెనీ మీద ప్రేమ పుట్టి కాదు, ఆ బోర్డూ ఫ్యానూ చూసీ కాదు. ఏడాది. ఈ నలభై మంది పని అయ్యేదాకా. ఆ తర్వాత పోతే, పోతున్నానని ఒక్కొక్కరి గుమ్మంలోనూ నిలబడి చెప్పి మరీ పోతుంది. ఇంతకన్నా మంచిది ఎక్కడుందని అడిగితే ఉన్న చోటు చెబుతుంది, ఎవరేమనుకున్నా సరే.

"పద అక్కా, నామినీ ఫారం పైనే ఉంది. ఐదింటిలోపు ఇచ్చేద్దాం."

దుకాణంలో లైటు వెలిగింది, కరెంటొచ్చింది. టైలరక్క లేవలేదు.

"ముందు ఫోన్ చెయ్యి," అంది.

"ఇక్కడే ఉన్నావుగా అక్కా?"

"నాలుగేళ్ళుగా ఇక్కడే ఉన్నాను. చెయ్యి."

ఏజెంటమ్మ జాబితా చూసి నంబరు నొక్కింది. టైలరక్క ఒళ్ళో ఫోను మోగింది. వెంటనే ఎత్తలేదు, నాలుగైదు సార్లు మోగనిచ్చింది. బాబాయి కూడా తలెత్తి చూస్తున్నాడు. అప్పుడు ఎత్తి, "ఎవరండీ?" అంది.

"నమస్కారం, లాం..." తొమ్మిదేళ్ళ అలవాటు నాలుక చివరిదాకా వచ్చింది. ఏజెంటమ్మ దాన్ని మింగేసింది. "నమస్కారం అక్కా. నేను మీ ఏజెంటుని."

"ఇన్నాళ్ళూ ఎక్కడున్నావమ్మా?"

"పక్కనే ఉన్నానక్కా."