ఒబ్దూలియా ఉల్లిపాయలు

ఉల్లిపాయ లేదేంటత్తా అని అలా కెలుకుతావేంటే? మీ అత్తగారింట్లో వేస్తారు, తెలుసులే. మా ఇంట్లో గుడ్లు కొట్టి వేసే దుంపల అట్టులో ఉల్లిపాయ వెయ్యరు. మా అమ్మ వెయ్యలేదు, నేనూ వెయ్యను. ముందా కిటికీ మూసిరా. ఎందుకేంటి, ఎదురింటి పాకీతా చెవులు ఇటే ఉంటాయి. నవ్వు, నవ్వు. ఈ వీధిలో ఒకరింటి పోపు వాసన పట్టుకుని ఇంకో ఇల్లు బతికింది, నీకేం తెలుసు.

మన పెరటి గోడ అవతల ఇప్పుడు హోటలు కడుతున్నారే, అది అప్పట్లో సిపాయిల ఇళ్ళు. దొంగసరుకు దిగకుండా తీరం కాపలాకి పెట్టినవాళ్ళు, పెళ్ళాం బిడ్డలతో అందులోనే కాపరం. సొంతూరి దగ్గర ఎవడికీ ఉద్యోగం ఇచ్చేవాళ్ళు కాదులే, ఇస్తే బావమరిదిని ఎవడు పట్టిస్తాడు? అలా వచ్చిందే ఒబ్దూలియా, సెవెరీనో అనే సిపాయి పెళ్ళాం. ఎక్కడో ఉత్తరాన బుర్గోసు పక్క మనిషి, సముద్రం మొహం ఎరగదు. సార్డీను చేపలు కాల్చే ముందు తలలు కోసేసేది పిచ్చిది! దుకాణంలోకి ఆవిడ అడుగు పెడితే చాలు, అప్పటిదాకా గోలగోలగా ఉన్న ఆడాళ్ళంతా శనగలు ఏరుతున్నట్టు తలలు దించేసేవాళ్ళు. పలకరించిన పాపాన పోలేదు ఒక్కరూ. "దానికి ముక్కూ చెవులూ ఎక్కువ, మనింట్లో పొగాకు వాసన మొగుడికి మోస్తుంది" అనేది మా అమ్మ. మోయడానికి ఉంది మరి! మా అన్న పడవ చేపలకి పోయింది తక్కువ, అవతల ఇంగ్లీషువాళ్ళ జిబ్రాల్టర్ నుంచి దొంగచాటుగా పొగాకు, కాఫీ తెచ్చింది ఎక్కువ. నాన్న పోయాక ఇల్లు గడిచింది దాంతోనే. దొరికితే జైలు. పడవని రంపం పెట్టి రెండు ముక్కలు కోసేవాళ్ళు.

ఏం చెబుతున్నాను... ఆఁ, వాసన. రాత్రి కాపలా రోజూ ఉండేది కాదు, ఉన్న రోజు ఏ సిపాయి వెళ్ళినా తిండి ఒబ్దూలియా చేతిదే. సాయంత్రం ఉల్లిపాయ వేయించి దుంపల అట్టు వేసి మూటకట్టి ఇచ్చేది. ఆ వాసన గోడ దాటి సరాసరి మన పెరట్లోకి. మా అమ్మ ముక్కు ఎగరేసి "ఇవాళ వద్దురా" అనేది, అన్న ఆగిపోయేవాడు. వాసన లేకపోతే పడవ తీసేవాడు. అంతే! ఒకసారి గోడ మీంచి ఒబ్దూలియా చూసేసింది, మా అమ్మ ముక్కు పైకెత్తి నిలబడి ఉండగా. అమ్మ గబుక్కున తుమ్మినట్టు నటించింది. అప్పట్నుంచి ఆవిడ ఉల్లిపాయ ఇంకా దండిగా వేయించేది. "ఎందుకు ఎక్కువేస్తోంది? ఏదో ఉంది దీని కడుపులో" అని మా అమ్మకి నిద్ర లేదు. ఉన్నదేంటంటే, అంతకు కొన్నాళ్ళ ముందు ఆవిడ పిల్లకి ఊపిరాడని జ్వరం వస్తే, ఇక్కడ దొరకని మందు మా అన్నే అవతల్నుంచి తెచ్చి గోడ మీద పెట్టి వచ్చాడు. దానికీ అమ్మ తిట్టింది. "సిపాయి ఇంటికి దొంగమందా, రేపు అదే చూపించి నిన్ను కట్టేస్తారు" అని.

తరవాత ఆ సిపాయిల పైవాడొకడు, మీసాలాయన, అనుమానం మనిషి, మా అమ్మకి మగరూపం అనుకో, వాడికి ఎక్కడో తట్టింది. కాపలా ఉన్న రోజే ఒక్క పడవా ఎందుకు కదలదని. అలా ఒక సాయంత్రం వాసన లేదు. అన్న వలలు సర్దుకుంటున్నాడు. అప్పుడు వచ్చింది ఒబ్దూలియా, అన్నేళ్ళలో మొదటిసారి మా గుమ్మంలోకి, చేతిలో జడలా అల్లిన ఉల్లిపాయల గుత్తి. మొహం పాలిపోయి ఉంది. "ఇవి మీరుంచుకోండమ్మా. ఇవాళ నన్ను పొయ్యి వెలిగించనివ్వట్లేదు, రొట్టె చల్లగానే కట్టమన్నారు" అని, నావైపు ఒకసారి చూసి వెళ్ళిపోయింది. మా అమ్మ తలుపేసి ఏమందో తెలుసా? "సిపాయి పెళ్ళాం ఊరికే ఇస్తుందా ఏదైనా? మన పడవని ఇవాళ ఆపాలని దాని ఎత్తు. పక్క వీధివాళ్ళ పడవ దాటించడానికి దాని మొగుడు లంచం మింగి ఉంటాడు. వెళ్ళరా నువ్వు!" అంది. వెళ్ళాడు.

ఇంకేముంది. తెల్లారేసరికి పడవ రెండు ముక్కలు, అన్న చేతులకి బేడీలు. మా అమ్మ దుకాణంలో గుండెలు బాదుకుని "ఆ ముండే, ఉల్లిపాయలు పట్టుకుని మా కొంప వాసన చూసిపోయింది, పట్టించింది" అని ఊరంతా వినేలా అరిచింది. మీసాలాయన చెవినా పడింది. వాడికి మాత్రం చప్పున అర్థమైంది, ఆ ఉల్లిపాయలు మా ఇంటికి ఎందుకొచ్చాయో. వారం తిరక్కుండా సెవెరీనోని బదిలీ చేసి ఎక్కడో కొండల్లోకి తోసేశారు. లారీలో మంచం, కుర్చీలు, వాటి మీద పిల్ల. ఒబ్దూలియా మా గుమ్మం ముందు నుంచే పోయింది. మా అమ్మ ఉమ్మేసింది.

అన్న జైలు నుంచి వచ్చాక, సగం పళ్ళు లేవు వాడికి, కూర్చోబెట్టి అడిగాడు. "అమ్మా, ఆవిడ ఆ రోజు ఏమంది? ఉన్నదున్నట్టు చెప్పు." అమ్మ చెప్పింది, పొయ్యి వెలిగించనివ్వట్లేదు, చల్లరొట్టె, అన్నీ. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయింది. మేకుకి ఆ గుత్తి అలాగే వేలాడుతోంది, తొక్కలు ఎండిపోయి. "ఏమో, దాని మనసులో ఏముందో ఎవరు చూడొచ్చారు" అంది అమ్మ. అని లేచి, దుంపలు తరిగింది. ఉల్లిపాయ ముట్టలేదు. మళ్ళీ ఎప్పుడూ ముట్టలేదు.

ఒబ్దూలియా పిల్ల బతికే ఉంటే నా ఈడు...

ఆ కిటికీ తియ్యవే, ఊపిరాడట్లేదు. వద్దులే, ఉండనీ, పాకీతా ఉంటుంది. తిను, చల్లారిపోతోంది.