రెండు స్పీకర్ల మధ్య బెంచీ

ఏమిటే తల్లీ, ఆ చంకలో పెట్టె? పాతసామాన్ల కొట్లోంచా? దించు దించు, నడుం పట్టేస్తుంది. అబ్బో, స్టీరియో రిసీవరే. రేడియో, ఆంప్లిఫయరు అన్నీ ఒక్క పెట్టెలోనే. ఎన్నాళ్ళయిందో ఇలాంటిది చూసి. ఆగాగు, ప్లగ్గు పెట్టకు. మీ తాతయ్య ఉంటే చేతిమీద ఒక్కటి వేసేవాడు. ఆ సొరుగులో బల్బు హోల్డరూ వైరూ ఉంటాయి, పట్రా. బిగిస్తూ చెబుతా. నువ్వు పుట్టకముందే పోయాడు, మా బావ సంగతి నీకేం తెలుసు.

బావ ప్రెస్సులో అచ్చు మెషీను తిప్పేవాడు కదా, వచ్చే జీతం ఇంటికే చాలీచాలనిది. కొత్త రిసీవరంటే ఆకాశానికి నిచ్చెన వేసినట్టే. అందుకని మూగబోయినవి తూకానికి కొనేవాడు. కొనడంలో ఆయనకో పద్ధతుందే. ముందువైపు ఎంత తళతళలాడినా చూసేవాడు కాదు. వెనక్కి తిప్పి మరలు చూసేవాడు. మర తల మీద గీత నలిగి ఉంటే, "దీన్నెవడో కెలికాడు, వద్దు" అనేవాడు. బూజు పట్టినా సరే, పరాయి చెయ్యి పడనిదే కావాలి. "చచ్చిందాన్ని బతికించొచ్చు బావమరిదీ, కెలికినదాన్ని ఆ దేవుడే బాగుచెయ్యాలి" అనేవాడు. కొట్టువాడు విసుక్కునేవాడు, "పెళ్ళికూతుర్ని కూడా ఇంతసేపు చూసుండరు మీరు" అని. "అప్పుడు ఆవిడే నన్ను చూసింది నాయనా, నేను తలెత్తలేదు" అనేవాడు ఈయన. నేను పక్కనే ఉన్నాలే, నిజమే, ఎత్తలేదు.

ఇంటికొస్తే మా అక్క, అదే మీ నాయనమ్మ. మంచం కింద పెట్టెలు, బీరువా మీద పెట్టెలు. దుమ్ము దులుపుతూ సాధించేది. "ఒక్కదానికైనా నోరుందా? ఈ ఇంట్లో వాగేదాన్ని నేనొక్కదాన్నే" అని. బావ నవ్వేవాడు. సగం రోగం దుమ్మే అనేవాడు. సౌండు తిప్పే గుబ్బల లోపల తుడిచి, అటూ ఇటూ ఓపిగ్గా తిప్పుతూ కూర్చుంటే గరగర దానంతటదే పోయేది. ఆ తర్వాత ఇదిగో, ఈ బల్బు. కరెంటు తిన్నగా పెట్టెకివ్వకుండా ముందు బల్బులోంచి పంపాలన్నమాట. లోపల ఏదైనా కాలిపోయి ఉంటే బల్బు భగ్గున వెలిగి అలాగే ఉంటుంది, పెట్టెకి ప్రమాదం ఉండదు. అంతా బాగుంటే ఒక్కసారి వెలిగి, మెల్లిగా మసకేస్తుంది. అప్పుడు చూడాలి మా బావని, రెండు చేతులూ జోడించి నిలబడేవాడు. మనమంతా దేవుణ్ణి వెలుగియ్యమని అడుగుతామా, ఈయనొక్కడే తగ్గించు తండ్రీ అని దండం పెట్టేవాడు. నేను నవ్వేవాణ్ణి గానీ, లోపల నాకూ భక్తిగానే ఉండేది.

ఏం చెబుతున్నా? ఆఁ, ఒకసారి ఒక నల్ల రిసీవరు కొన్నాడు. దాన్ని బతికించాడు, పాడుతోంది, కానీ ఎడమవైపు నీరసంగా ఉందన్నాడు. స్పీకర్లు అటుదిటు ఇటుదటు మార్చాడు. మళ్ళీ ఎడమే. వైర్లు మార్చాడు. ఎడమే. విప్పి లోపల భాగాలు మార్చాడు. ఎడమే. చివరికి గోడ మంచిది కాదన్నాడే తల్లీ, గోడ. తిండి సయించడం మానేసింది. ఒక ఆదివారం పొద్దున పాతసామాన్లవాణ్ణి బండి తెమ్మన్నాడు. "నా చేతిలో విద్య పోయింది. అన్నీ పట్టుకుపో" అన్నాడు. ఆ బండి కోసం అక్క ఎన్నేళ్ళుగా ఎదురుచూసిందో నాకు తెలుసు. సంబరపడాలి కదా. చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, రెండు స్పీకర్ల మధ్య ఆయన బెంచీ మీద, ఇదిగో ఇప్పుడు నువ్వు కూర్చున్నదాని మీదే, కూర్చుంది. ఎప్పుడూ కూర్చోలేదు అంతకుముందు. "పెట్టండి" అంది. పాటంతా విన్నది. లేచి వెళ్ళి బావ ఎడమ చెవి దగ్గర ఏదో అంది. ఆయన కదల్లేదు. ప్రెస్సులో మెషీను ఎప్పుడూ ఆయనకి ఎడమవైపే ఉండేదిలే. అన్నేళ్ళ మోత అది.

ఇప్పుడీ మనిషికి ఎలా చెబుతుందిరా దేవుడా అనుకున్నాను. ఆవిడ కుడివైపుకొచ్చి మామూలుగా, కూరలో ఉప్పు తక్కువైందన్నట్టు చెప్పింది. "పెట్టె బాగానే ఉంది. గోడా బాగానే ఉంది. చెవే పోయింది మీకు. దానికి విడిభాగాలు ఈ బండివాడి దగ్గర దొరకవు. మీరు కుడివైపు వినండి, ఎడమవైపు నేను చూసుకుంటాను."

బావ వచ్చి బెంచీ మీద కూర్చుని, కుడివైపుకి జరిగాడు. బండివాడు, "మరి నేనేం చెయ్యాలమ్మా?" అంటే, "నువ్వూ కూర్చుని విను" అంది అక్క.

ఇంక రోజూ అదే. "ఎడమ?" అనేవాడు. "గరగర" అనేది ఆవిడ, చేతిలో పప్పు చేట వదలకుండా. "ఇప్పుడు?" "పోయింది." ఆయన చేతిలో బాగుపడ్డ ప్రతి పెట్టెలో సగం ఆవిడ విన్నదే. బావ పోయాక కూడా ఆవిడ ఈ బెంచీ మధ్యలో ఎప్పుడూ కూర్చోలేదు.

సరే, వైరు బిగిసింది. ఇప్పుడు పెట్టు ప్లగ్గు. దండం పెట్టుకో ముందు. వెలిగిందా... ఉండు, తొందరపడకు... ఆఁ. తగ్గుతోంది చూడు.

నువ్వు కాస్త కుడివైపుకి జరుగు తల్లీ, ఎడమవైపు మీ నాయనమ్మది.