నీళ్ళు లేని రేవు

కెర్కెనా దీవి నుంచి స్ఫాక్స్ పట్నానికి ఈదురుగాలికి ఓడ ఆగిపోయి ఆరు రోజులైంది. ఏడో రోజు పొద్దున్నే మబ్రూకా రేవుకొచ్చి, చేపల పడవ నడిపే ముసలాయన్ని పట్టుకుంది.

"బాబాయ్, గాలి తగ్గిందిగా. ఇప్పుడైనా తీసుకెళ్ళు."

"గాలి తగ్గితే ఏం లాభం తల్లీ, ఆటు వచ్చింది. చూడు, పడవ బురదలో కూర్చుంది."

"నీళ్ళు మళ్ళీ ఎప్పుడొస్తాయి?"

"మధ్యాహ్నానికి. ఆ వేళకి మళ్ళీ గాలి లేస్తుంది, ఆ మబ్బు చూడు."

"మధ్యాహ్నం దాకా అమ్మ ఉండదన్నారు స్ఫాక్స్ ఆస్పత్రిలో."

"అయ్యో! పట్టు మరి, తోసి చూద్దాం."

ఇద్దరూ నడుములు విరిగేలా తోశారు. పడవ జానెడు కూడా కదల్లేదు. అంతలో ఆమె ఫోను మోగింది.

"తమ్ముడు, బాబాయ్. అమ్మ చెవి దగ్గర ఫోను పెట్టాడట."

"మాట్లాడు తల్లీ."

"అమ్మా, పడవెక్కేశాను. వచ్చేస్తున్నా."