బక్కమ్మ ఇడిసిన ఇసుక

గా కూతనా? ఉత్తగనే ఉలికిపడ్డవు బిడ్డా, గది మా ఫ్యాక్టరీ డీజిల్ ఇంజను. రైల్వేవాళ్లు వాడి వాడి అమ్మితే మా సేఠ్ కొన్నడు. నేను పట్టాలు మార్చేటోన్ని, పెద్దరాములు డ్రైవరు. ఇప్పటికీ ఇనుము గుంజుతనే ఉన్నది, గా కూత ఇంటే నాకైతే ఖుషీ. గది నడుస్తున్నదంటే పెద్దరాములు పెండ్లాం బక్కమ్మ పుణ్యమే. ఆమె పోయి పదేండ్లాయె. ఫ్యాక్టరీల ఊడ్సేది, నోరు మాత్రం పెద్దసాబ్ కన్న పెద్దది. నన్ను సంగయ్యా అని ఎన్నడు పిలువలే, "ఓ సుస్తు మనిషీ" అనేది, బద్దకపోన్ని అన్నట్టు.

ఎనభై తొమ్మిది అనుకుంట, వానకాలం. బొంబాయి కెల్లి కొత్త ఇంజినీరు సాబ్ వచ్చిండు. "యే బుడ్ఢా ఇంజన్ కబాడ్ మే డాలో" అన్నడు, ముసలిదాన్ని తుక్కుల ఎయ్యమని. సేఠ్ తను కొన్నది గద, జెర ఆగమంటే, సరే, ఇనుము నిండిన ఎనిమిది రైలు డబ్బాలు గేటు దాకా గుంజితే ఉంచుదాం, లేకుంటె రేపే తుక్కుకు అన్నడు. ఇంజను పోతే పెద్దరాములు నౌకరీ పోయినట్టే, భూమి ముందే ఫ్యాక్టరీల పోయె. గేటుకాడ జెర ఎత్తు. వానకు పట్టాలు సబ్బు లెక్క అయినయి. చక్రాలు తిరుగుతున్నయి గని బండి కదుల్తలేదు. జారకుండ ఇంజను కెల్లి పట్టా మీద ఇసుక పడే గొట్టం ఉంటది, గది ఎప్పుడో జామయింది. పెద్దరాములు మొఖం చూస్తే నాకే ఏడుపొచ్చింది.

గప్పుడు బక్కమ్మ చీపురు పారేసి ఉరికింది. అగ్గి ఆర్పేటందుకు షెడ్డుల ఎర్ర బకెట్లు తగిలిస్తరు సూడు, ఆ బకెట్లల్ల ఇసుక పొడిగ ఉంటది. రెండు పట్కొచ్చింది. సేఫ్టీ ఆయన "అగ్గంటుకుంటే ఎట్ల?" అని మొత్తుకున్నడు. "గీ వానల యాడంటుకుంటది, జరుగు" అన్నది. ఇసుక కొంగుల పోసుకొని, ఇంజనుకు జెర ముందు, పట్టా పొంటి నడుసుకుంట, నాగలెనక ఇత్తనం ఇడిసినట్టే ఏళ్ల సందులకెల్లి సన్నగ ఇడిసింది. రెండో పట్టా నాకప్పజెప్పింది. నేను దోసిట్ల పట్టి కుమ్మరిస్తిని. "ఓ సుస్తు మనిషీ, పెంట పోస్తున్నవా? పల్చగ ఇడువు." ఇంజను గట్టిగ మూల్గింది, చక్రాలకు పట్టు దొరికింది, ఇగ మెల్లగ ఎక్కుడు షురూ. గేటు దాకా గట్లనే నడిచినం.

సాబ్ దగ్గరికొచ్చి "గీ పని ఎవరు నేర్పిన్రమ్మా?" అని హిందీల అడిగిండు. ఆమె కొంగు దులుపుకుంట, "గీ పట్టాల కింద మా జొన్నచేనున్నది సార్. పన్నెండేండ్లు ఈడనే ఇత్తనం ఇడిసిన" అన్నది. సాబ్ కాయిదం మీద ఇంజను ఉండనియ్యమని రాసి పోయిండు.

అవును గని, నువ్వు పటేల్‌గూడల ప్లాటు కొన్నవంట గదా. ముందుగాల అండ్ల ఏం పండేదో అడిగినవా?