తొట్టిలోని చెయ్యి

"ఉర్లా ఫ్యాక్టరీలో అల్యూమినియం రేకులకి ఆఖరి స్నానం ఎవరు చేయించేవారనుకున్నావ్ దుర్గారావూ? నేనే, ఈ సూరిబాబే! రేకు నిండా కంటికి కనపడని చిల్లులుంటాయి, శుద్ధి చేసిన మరిగే నీళ్ల తొట్టిలో ముంచితే అవి మూసుకుంటాయి. ఆ నీళ్లలో రవ్వంత ఏదైనా కలిసిందా, బస్, ఖతమ్. నేను వాసన చూసే చెప్పేసేవాణ్ణి. గ్లవ్సులు కూడా నాకక్కర్లేదు, సబ్బు పొడితో చేతులు రుద్ది రుద్ది కడుక్కుని రేకుల్ని ఉత్త చేత్తోనే ఎత్తి తొట్టిలో దించేవాణ్ణి!"

రాయపూర్‌లో డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీ గేటు పక్కన టీ బండి దానయ్యది. రెండేళ్ల కిందటి దాకా అతనూ ఆ తొట్టి దగ్గరే పని చేశాడు. తలెత్తకుండా గ్లాసులు కడుగుతున్నాడు. కూతురు భాగ్యశ్రీ టీ వడపోస్తోంది.

"ముక్కుతోనే చెప్పేవాడివా?" అన్నాడు దుర్గారావు.

"ల్యాబు మిషను నన్నడిగాకే అంకె చూపించేది! సరే, విను. చిల్లులు మూసుకున్నాయో లేదో చూద్దామని ఓ రోజు రేకు మీద నీలం సిరా పూసి తుడిచాం. మంచి రేకైతే మరకే ఉండదు. ఏం తేలిందో తెలుసా? చెయ్యి! గీతలతో సహా నీలం అరచెయ్యి. రెండో రేకు మీద అదే, పదో రేకు మీదా అదే. మురికి చేతుల్తో ముట్టుకున్నావని మేనేజరు దానయ్యని గెంటేశాడు. పాపం, దయ్యం చేసిన పనికి ఇతనేం చేస్తాడు?"

"దయ్యమా?"

"మరేటి! తొట్టి దగ్గర ఒక్కణ్ణే నిలబడ్డాను. ఉన్నట్టుండి మరుగు ఆగిపోయింది. చప్పుడు లేదు. ఆవిరి పైకి పోకుండా కిందికి దిగుతోంది. అడుగునించి ఓ చెయ్యి లేచి, పిల్లల తలలు నిమిరినట్టు, రేకుల్ని ఒక్కొక్కటే నిమురుతోంది. భుజం దాకా ముంచి పట్టేశాను."

"మరిగే నీళ్లలో?"

"నాకు చలేసింది భాయ్! మూడు రోజులు లాక్కున్నాం. రాయపూర్ మొత్తం కరెంటు పోయింది, ఖారున్ నది వెనక్కి పారింది. ఆఖరికి ఆ దయ్యం నా చిటికెన వేలు సగం కొరుక్కుని మునిగిపోయింది. అప్పటిదాకా నా అయిదు వేళ్లూ నిండుగా ఉండేవి!" అంటూ మొండి వేలు ఎత్తి చూపించాడు.

భాగ్యశ్రీ టీ పళ్లెం తెచ్చి, గ్లాసులన్నీ దించి, గుడ్డతో తుడిచి, సూరిబాబు ముందు పెట్టింది. పళ్లెం కాదది, ఫ్యాక్టరీ పారేసిన రేకు. రెండేళ్లు తోమినా నీలం చెయ్యి అలాగే ఉంది.

"ఈ చెయ్యి తనది కాదని చూపిద్దామని నాన్న తెచ్చుకున్నాడు మావయ్యా. ఎవరూ చూడలేదు. ఈ ముద్ర దయ్యం నీ వేలు కొరక్కముందుదే కదా?"

"ముందుదే."

"మరి దీని చిటికెన వేలు సగమే ఉందేంటి?"

సూరిబాబు చెయ్యి మెల్లగా జేబులోకి పోయింది.

"మురికి కాదు సూరీ," అన్నాడు దానయ్య, గ్లాసుల మీంచి కళ్లు తీయకుండా. "ఆ తొట్టికి సబ్బే విషం. అది అంటిన చోట చిల్లులు మూసుకోవు."

"ఎవరి చెయ్యో నాన్నకి మొదటి రోజే తెలుసు. నువ్వే చెప్తావని రెండేళ్లు ఎదురు చూశాడు," అంది భాగ్యశ్రీ. "రేపు పొద్దున్నే మేనేజరు దగ్గరికి పోదాం. రేకు నేను పట్టుకొస్తాను. చెయ్యి నువ్వు పట్టుకురా."