టక్‌మన్నాకే

అగ్నిమాపక దళం ఎంపికలో ఆమెకు ఇక మిగిలింది డెడ్‌లిఫ్ట్‌లో, అంటే బరువు బిళ్ళలు తొడిగిన ఇనప బారును నేల మీంచి ఎత్తి నిలబడటంలో, చివరి ప్రయత్నమే. శిక్షణ ఇచ్చిన తమ్ముడు పక్కనే ఉన్నాడు.

“నడుం ఎలా ఉందక్కా?”

“పట్టేసింది. గట్టిగా అనకు, పంపించేస్తారు.”

“ఇందాక బారును ఒక్కసారిగా గుంజావు, అందుకే.”

“మెల్లగా ఎత్తితే మోకాళ్ళ దగ్గరే ఆగిపోతుందిరా! ఈ ఉద్యోగం నాకు కావాలి.”

“మెల్లగా ఎత్తమనలేదు తల్లీ. ముందు చేతులు బిగించి, బారు బిళ్ళలకు తగిలి టక్‌మనేదాకా ఆగు. ఆ తర్వాత ఎంత వేగంగా లేచినా నడుం మీద కుదుపు పడదు.”

“అంత ఓపిక నాకెప్పుడేడిసింది?”

“అదే నా భయం.”

ఆమె వెళ్ళి బారు పట్టుకుంది. కాసేపటికి హాలంతా చప్పట్లు.

“ఎత్తేశాను! నడుం వంగిందా?”

“తెలీదు, కళ్ళు మూసుకున్నా.”

“ఛీ, పిరికోడా! మరి ఆ నవ్వేంట్రా?”

“టక్‌మనడం విన్నా.”